మడతలో పోయిన నేల

మా మరదలు పొద్దున్న నర్సరీలో మొక్కలకు నీళ్లు పెడుతుంటే ఇద్దరు మనుషులు స్కూటరు మీద వచ్చి, గేటుకు ఒక కాగితం అంటించి, దాన్ని ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. లోపల మనిషి కనిపిస్తున్నా పలకరించలేదు. ఆవిడ చేతిలో గొట్టం అక్కడే పడేసి వెళ్లి చదివింది. పంపు కట్టేయడం కూడా మరిచిపోయి ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"వదినా, మనం కబ్జాదారులమట."

"ఎవరన్నారు?"

"గేటు అంటోంది. వచ్చి చూడు."

కళ్లజోడు పెట్టుకుని వెళ్లి చూశాను. ప్రభుత్వ ఖాళీ భూమిని అక్రమముగా అనుభవించుచున్నందున ఇరవై ఒక్క రోజులలో ఖాళీ చేయవలెను, అభ్యంతరములున్నచో విచారణకు హాజరు కావలెను అని రాసి ఉంది. కింద ముద్ర. ముద్ర కూడా తిన్నగా వేయలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట ఇప్పటికీ దిగలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆ అరెకరం పైచిలుకు నేల మా నాన్న కొన్నది. ముళ్లకంప కొట్టించి, రాళ్లు ఏరించి, బావి తవ్వించాడు. ఆయన పోయాక తమ్ముడు అక్కడ నర్సరీ పెట్టాడు. వాడికి మాటలు తక్కువ, చేతి పని ఎక్కువ. వాడు కట్టిన అంటు బతక్కపోవడం నేను చూడలేదు. "ఆయన అంట్లు కడతారు, నేను అంట్లు తోముతాను, సంసారం నడుస్తోంది" అని మరదలు కొనడానికి వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. నేను పెళ్లి చేసుకోలేదు. వాళ్లతోనే ఉంటాను, రిటైరయ్యాక కుండీలకు పేర్లు రాసిపెడుతుంటాను.

నర్సరీ అంటే కుండీలే అనుకుంటారు జనం. కుండీలు లారీ ఎక్కుతాయి. వెనకాల వరసగా ఉన్న ఇరవై ఆరు తల్లి చెట్లు ఎక్కవు. నిమ్మ, జామ, దానిమ్మ. ప్రతి అంటుకూ కొమ్మ వాటి నుంచే కోయాలి. ఒక్కోటి అలా తయారవడానికి పన్నెండేళ్లు, పదిహేనేళ్లు పట్టింది. తమ్ముడికి యాభై ఎనిమిది. నోటీసు చదివి వాడు చేతిలో అంటు పక్కన పెట్టేశాడు. వెనక్కి వెళ్లి, దానిమ్మ చెట్టు కింద గట్టు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిచినా రాలేదు.

ఇదంతా కొత్త చట్టం చేసిన నిర్వాకం. దానికి భూమి స్పష్టత చట్టం అని పేరు పెట్టారు. కంప్యూటరు పటంలో ప్లాటు నంబరు ఉన్న నేలే సొంత నేల. నంబరు లేకపోతే అది సర్కారుది. మీ పెట్టెలో ఎన్ని దస్తావేజులున్నా, వాటిలో రాసిన నంబరు పటంలో కనిపించకపోతే ఆ కాగితాలతో పొట్లాలు కట్టుకోవచ్చు. తరతరాల తగాదాలకు తెర దించామని పాలకపక్షం చప్పట్లు కొట్టుకుంది. ప్రతిపక్షం సభలో చట్టం ప్రతులు చింపి గాల్లోకి విసిరింది. ఆ చట్టాన్ని మొదట రాసింది తామేనని, తమ హయాములో ముసాయిదాకు పచ్చ అట్ట ఉండేదని, ఇప్పుడు నీలం అట్ట వేశారని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నోటీసులు పడ్డ వారంలో రెండు పార్టీల వాళ్లూ మా వీధికి వచ్చారు. మా వరసలో ముప్పై గడపలకు నోటీసులు వచ్చాయి మరి, ముప్పై గడపలంటే ఓట్లు. ఒకాయన మా మందారం కుండీ పట్టుకుని, ఒక్క మొక్క కూడా కదలదని హామీ ఇచ్చి ఫొటో దిగాడు. రెండో రోజు అవతలి పార్టీ ఆయన వచ్చి అదే కుండీ అడిగాడు. మరదలు ఇచ్చింది. "దీన్ని ఇద్దరూ ఎత్తుకున్నారు, ఒక్కడూ నీళ్లు పోయలేదు" అంది వాళ్లు వెళ్లాక.

మా ప్రాంతపు శాసనసభ్యుణ్ణి అందరూ గోడలాయన అంటారు. ఏ నేల మీద కన్ను పడినా ముందు చుట్టూ గోడ కట్టి తర్వాత కారణం వెతుకుతాడు. ఆయన పాలకపక్షం. ప్రజల భూమిని కబ్జాకోరుల నుంచి విడిపించి ప్రజలకే అప్పగిస్తానని మైకులో గొంతు చించుకున్నాడు. ఆ ప్రజలు ఎవరో విచారణకు ముందే తేలిపోయింది. మా వరస మొత్తం గోదాముల కోసం కేటాయించారు. కట్టబోయేది ఆయన అల్లుడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ ఊరి సొమ్ము మామే అల్లుడికి దానం చేశాడు.

విచారణ మా పాత సర్వే ఆఫీసులోనే పెట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు నేను పనిచేసిన హాలే. వాలుబల్లలు తీసేసి కంప్యూటర్లు పెట్టారు. కిటికీ గట్టు మీద నా చేతి నుంచి ఒలికిన సిరా మచ్చ మాత్రం అలాగే ఉంది. విచారణాధికారి నలభై లోపు మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. మాట్లాడుతున్నంతసేపూ పెన్ను టక్కుటక్కుమని నొక్కుతూనే ఉన్నాడు.

మరదలు దస్తావేజు బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తిరగేయనైనా లేదు.

"ఇందులో నంబరు నూట నలభై రెండు అని ఉందమ్మా. పటంలో నూట నలభై ఒకటి ఉంది, నూట డెబ్బై మూడు ఉంది. మధ్యలో నంబర్లు లేవు. మీరే చూడండి."

తెర మా వైపు తిప్పాడు. పటం మధ్యలో తెల్లగా ఒక పట్టీ. అటూ ఇటూ గీతలు, నంబర్లు, దారులు నిండుగా ఉన్నాయి. ఆ పట్టీలో మాత్రం ఏమీ లేదు. ఒక దారి దాని దాకా వచ్చి తెగిపోయి, అవతల గట్టు నుంచి మళ్లీ మొదలవుతోంది.

"ఇదంతా ఖాళీ భూమి" అన్నాడాయన.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది భూమి కాదు. అది నా పని.

ట్రేసరంటే ఈ కాలం వాళ్లకు చెప్పాలి. పాత పటం మీద మైనం రంగు పలచని గుడ్డ పరచి, కింద కనిపించిన ప్రతి గీతనూ నల్లసిరాతో ఎక్కించడమే మా ఉద్యోగం. ఆ గుడ్డకు గట్టిగా గంజి పట్టించి ఉంటుంది, చెమట చుక్క పడితే చాలు, పాడైపోతుంది. గీత వెంట్రుకవాసి తప్పినా ఆ షీటు పనికిరాదు. మా పెద్ద ట్రేసరుగారు మాకు నేర్పిన సూత్రం ఒక్కటే. కనిపించింది వదలకు, కనిపించనిది గీయకు.

నాకు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు ఈ షీటు నా బల్ల మీదికి వచ్చింది. అసలు పటం గుడ్డ అతికించిన కాగితం. అరవై ఏళ్లుగా మధ్యకు మడిచిపెట్టడంతో మడత పొడుగునా అర అంగుళం మేర కాగితం రాలిపోయి, వెనక గుడ్డ బయటపడింది. ఆ పటంలో అంగుళమంటే నేల మీద నూట పది గజాలు. అర అంగుళం అంటే యాభై అయిదు గజాల వెడల్పున, ఊరు ఈ చివర నుంచి ఆ చివర దాకా నేల ఎగిరిపోయింది. ఆ మడతలోనే మా నాన్న నేల ఉంది.

చిన్నతనం, ఉత్సాహం. రికార్డు గదికి వెళ్లి కొలతల పుస్తకం తెప్పించుకుని, మడతలో పోయిన ప్లాట్లన్నీ కొలతల ప్రకారం గీసేశాను. నూట నలభై రెండు దగ్గర మా నాన్న పేరు చూసి మురిసిపోయాను కూడా. పెద్ద ట్రేసరుగారు షీటు చూసి కళ్లజోడు తీశారు.

"కొలతలు చూసి గీయడం సర్వేయరు పని. నీకెందుకు? పైగా అందులో మీ నాన్న నేల ఉంది. రేపు ఎవడైనా, ఆ అమ్మాయి ఆఫీసులో కూర్చుని సొంత నేల గీసుకుంది అంటే నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావ్?"

నాకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ కొత్త గుడ్డ తీసుకుని మొత్తం గీశాను, మడత ఖాళీగా వదిలాను. రివాజు ప్రకారం అంచున, ఇక్కడ కాగితం రాలిపోయినది, కొలతల పుస్తకం చూసి సర్వేయరు నింపవలెను అని రాసి, నా పొడి అక్షరాలు పెట్టాను. ఆ సర్వేయరు బదిలీ అయిపోయాడు. తర్వాత వచ్చినవాడు చూడలేదు. ఆ తర్వాత వచ్చినవాడికి ఆ సంగతే తెలియదు. మా నేలను నేనే ఖాళీ చేశాను, అదీ నిజాయితీ కోసం.

ఇదంతా విచారణాధికారికి చెప్పాను. "అంచున నోటు ఉంటుంది. ఎడమవైపు, కింద. పైకి జరిపి చూడండి."

"అంచులు లేవు మేడం. స్కాను చేసేటప్పుడు కత్తిరించేశారు. ఫైలు బరువు తగ్గాలని."

"అయితే నేను గీసిన షీటు తెప్పించండి."

"స్కాను అయ్యాక అవన్నీ తుక్కు కింద పోయాయి."

మరదలు నా చెవిలో అడిగింది. "వదినా, మొదట గీశావే, అన్నీ నింపిన షీటు, అదన్నా ఉందా?"

"గంజి పోయేలా ఉడకబెట్టి నీ కూతురికి చొక్కా కుట్టాను" అన్నాను.

అది మా ఆఫీసులో మామూలే. పాడైన షీట్లు ఇంటికి తెచ్చుకుని వేడినీళ్లలో నానబెడితే గంజీ సిరా రెండూ పోయి మెత్తని తెల్లగుడ్డ మిగిలేది. మా ట్రేసర్ల ఇళ్లలో పిల్లలందరూ పటాలు తొడుక్కునే పెరిగారు. నా మేనకోడలు ఆరు నెలల వయసులో ముప్పై గడపల దస్తావేజులు ఒంటి మీద వేసుకుని పారాడింది. మరదలికి ఆ గదిలో నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

నేను మళ్లీ తెర వైపు చూశాను. ఎంత రిటైరైనా కన్ను రిటైరవ్వదు.

"బాబూ, పటాన్ని కాస్త దూరం చేసి చూపిస్తారా? షీటు మొత్తం కనిపించాలి."

ఆయన చేశాడు. తెల్ల పట్టీ పైనుంచి కిందికి తిన్నగా వచ్చింది. మా వీధి దాటింది. పాత మిల్లు దాటింది. పెద్ద రోడ్డు దగ్గర ఆగిపోయింది. అక్కడో పెద్ద చతురస్రం, గీతలు నల్లగా, నంబరుతో సహా నిండుగా ఉంది. దాని కింద నుంచి తెల్ల పట్టీ మళ్లీ మొదలై షీటు అంచు దాకా పోయింది.

"అదేంటి?" అన్నాను.

ఆయన పెన్ను నొక్కడం ఆపాడు. "అది శాసనసభ్యులవారి ప్రాంగణం."

"కాగితం మడిస్తే మడత ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పడుతుంది బాబూ. మధ్యలో గోడ కనిపించిందని ఆగదు."

"అక్కడ రికార్డు దొరికింది. నింపారు."

"ఎక్కడ దొరికింది? అసలు పటంలో అక్కడ కాగితమే లేదు. నా కళ్లతో చూశాను. మిగిలింది కొలతల పుస్తకం ఒక్కటే. ఆయనకు నింపిన పుస్తకంలోనే మాకూ నింపండి."

"ఆ పుస్తకం లేదమ్మా. చెదలు తినేశాయి."

"ఆయనకు నింపాక తిన్నాయా, నింపకముందా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చేతులు బల్ల మీద ఫైళ్లన్నీ సర్దేశాయి. సవరణ కావాలంటే దరఖాస్తు పెట్టుకోమన్నాడు. ఎవరు పెట్టాలి అంటే, రికార్డులో పేరున్న యజమాని పెట్టాలి అన్నాడు. రికార్డులో పేరు లేదనే కదా మేము వచ్చింది అంటే, పేరు లేనివారికి దరఖాస్తు చేసే హక్కు చట్టంలో లేదన్నాడు. నేను తల గోడకేసి కొట్టుకోవలసింది. ఆ గోడ కూడా ఎవరిదో అని ఆగాను.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మరదలు దస్తావేజును మడవకుండా రెండు చేతులతో పట్టుకుంది. నా కథ విన్నాక ఆవిడకు మడతలంటే భయం పట్టుకుంది. రికార్డు గది అటెండరు మా ముందు నుంచి రెండుసార్లు నడిచి, మూడోసారి ఆగాడు. అతన్ని ఆఫీసంతా చెదపురుగు అంటారు, పగలంతా కాగితాల మధ్యే ఉంటాడు కాబట్టి. నేను రిటైరయ్యేనాటికి అతను చేరి పదేళ్లు.

"అక్కా, ఆ గదిలో ఉన్న చెదపురుగును నేనొక్కణ్ణే. నేనైతే ఆ పుస్తకం తినలేదు" అన్నాడు మెల్లిగా.

"ఉందా?"

"గుడ్డలో చుట్టి పై అరలో పెట్టాను. పోయినేడు పట్టుకెళ్లారు, పది రోజులకు తెచ్చారు. ఇచ్చిపుచ్చుకున్న రిజిస్టరులో సంతకం ఉంది. ఇంతకన్నా నన్నేం అడగొద్దు. పిల్లలు గలవాణ్ణి."

"అడగను. అది బయటికి రావాలంటే దారేంటో అది చెప్పు."

అతను అటూ ఇటూ చూశాడు. "మన పాత రూల్సు పుస్తకం గుర్తుందా? పటం గీసినవాళ్లు తమ తప్పు తాము రాసిస్తే, వారం లోపల వాళ్ల ఎదురుగా మూలంతో సరిచూడాలి. ఆ రూలు తీసేయడం ఎవరికీ గుర్తులేదు. కాకపోతే తప్పు రుజువైతే పింఛను కోస్తారక్కా. మచ్చ కూడా పడుతుంది."

ఇంటికి వచ్చాక ఆ మాట చెప్పాను. మా ముందుగదిలో ఒక ఫ్రేము ఉంది. నేను రిటైరైన రోజు ఆఫీసు ఇచ్చింది. ముప్పై ఒక్క సంవత్సరముల సేవలో ఒక్క దోషమూ లేని ట్రేసరు అని అందులో ఉంటుంది. నాకు నగలు లేవు, ఇల్లు లేదు, ఉన్నది అదొక్కటే. మరదలు దాని వైపు చూసి అంది.

"నువ్వు తప్పు చేయలేదుగా వదినా. చేయని తప్పు ఎలా రాసిస్తావ్?"

"అదే నా కడుపుమంట. నిజం చెప్పడానికి ఒక్క కిటికీ తెరవలేదు. అబద్ధం చెబుతానంటే సింహద్వారం తీసి పెట్టారు."

తమ్ముడు అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వేళ్లకు అంటిన మట్టి గీక్కుంటున్నాడు. "వద్దక్కా" అన్నాడు. "చెట్లు మళ్లీ పెంచుకుందాం. నీ పేరు మళ్లీ రాదు."

వాడు అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో. అప్పుడే నేను ఏం చేయాలో తేల్చుకున్నాను. చట్టాలు చేసినవాళ్లకు సిగ్గు లేదు, చింపినవాళ్లకు లేదు, అంచులు కత్తిరించినవాడికి లేదు. మొత్తం తతంగంలో సిగ్గుపడుతున్నది నేనూ నా తమ్ముడూ. నాకు వాళ్లందరి మీదా కోపం వచ్చింది, నా మీద నాకూ వచ్చింది. ఆ కాగితం రాలిన చోట మూడు పదులేళ్ల కింద, ఎవడేమన్నా అనుకోనీ అని గీసేసి ఉంటే సరిపోయేది. మంచిపేరు కోసం వదిలాను. ఆ మంచిపేరుతోనే పూడ్చాలి.

మర్నాడు తెల్లకాగితం మీద రాశాను. నా చేతి రాత ఇప్పటికీ అచ్చులాగే ఉంటుంది. ఫలానా షీటులో ముప్పై ఒక్క ప్లాట్లు గీయకుండా వదిలినందువల్ల నష్టము కలిగినది, ఆ దోషము నాది, మూలముతో సరిచూడవలెను. సంతకం చేసేటప్పుడు చెయ్యి ఆగింది. పక్కన మరదలు కూర్చుని ఉంది. ఆవిడ ఫ్రేము వైపు చూడకుండా ఉండటానికి కిటికీలోంచి బయటికి చూస్తోంది. సంతకం చేశాను.

విచారణాధికారి ఆ కాగితం చదివి మొదటిసారి నవ్వాడు. నేను అనుకున్నదే. ముప్పై గడపల వాళ్లు రోజూ వచ్చి ఆఫీసు గేటు దగ్గర కూర్చుంటున్నారు, పత్రికలవాళ్లు వస్తున్నారు, ఎవరి తప్పు అని రెండు పార్టీలూ ఒకరినొకరు తిట్టుకుంటున్నాయి. ఇప్పుడు ఒక ముసలి ట్రేసరు తనంతట తాను మెడ చాచి, నరకండి బాబూ అని వచ్చింది. చట్టం తప్పు కాదు, స్కాను తప్పు కాదు, ఆఫీసు తప్పు కాదు. ఆయన ప్రాణం కుదుటపడింది. చెదలు తిన్న పుస్తకం వారంలో బయటికి వచ్చింది.

పందొమ్మిదో రోజు. అదే హాలు. చెదపురుగు గుడ్డమూట పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పుస్తకంలో ఒక్క పురుగు తొలిచిన చుక్క కూడా లేదు. మా వీధివాళ్లు గోడల వెంట నిలబడ్డారు. తమ్ముడు కూడా వచ్చాడు, చేతులు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

పేజీ తిప్పారు. నూట నలభై రెండు. నాలుగు వైపులా కొలతలు. బావి ఉన్న చోట చిన్న సున్నా. మా నాన్న పేరు. ఆ పేరు తమ్ముడు పైకి చదివాడు. మరదలు వాడితో గొంతు కలిపింది. నూట నలభై మూడు, నూట నలభై నాలుగు, అలా నూట డెబ్బై రెండు దాకా ఒక్కో పేరు చదువుతుంటే గోడల దగ్గర నుంచి ఒక్కొక్కరు, అది మా తాత, అది మా అమ్మ అంటూ ముందుకు వచ్చారు. కబ్జాదారు ఒక్కడూ లేడు.

విచారణాధికారి తీర్మానం చెప్పి రాయించాడు. "ట్రేసరు నిర్లక్ష్యము వలన ఏర్పడిన లోపము సవరించడమైనది. సదరు ఉద్యోగిని పింఛనులో మూడో వంతు తగ్గించవలెను. గతంలో ఇచ్చిన ప్రశంసాపత్రము రద్దు." నన్ను సంతకం చేయమన్నాడు. నిర్లక్ష్యము అన్న మాట దగ్గర నా కళ్లు మండాయి. అయినా చేశాను. మరదలు నా చెయ్యి వదల్లేదు.

సంతకం అయ్యాక కూడా నేను పుస్తకం మూయనివ్వలేదు. వెనక పేజీ తిప్పాను. పాత మిల్లు తర్వాత, పెద్ద రోడ్డు పక్కన. ఇవాళ గోడలాయన ప్రాంగణం ఉన్న చోటు. మొత్తం చతురస్రం, నాలుగు వైపులా కొలతలు, పేరు రాసే గడిలో తీరైన అక్షరాలు. పశువుల మేత బయలు, అందరిదీ, ఎవరికీ ఇవ్వరాదు.

పైకి చదివాను. హాలులో అందరూ వినేలా చదివాను.

సొంత నేలను ప్రజల భూమి అన్నారు. ప్రజల భూమి చుట్టూ గోడ కట్టారు. చట్టమేమో ప్రజల భూమిని కాపాడటానికట.

విచారణాధికారి పుస్తకం తన వైపు లాక్కున్నాడు. "ఇవాళ మన ముందున్న విషయం ఇది కాదు మేడం."

"ఆ చోటు కూడా మడతలోదే. దాన్నీ నేను ఖాళీగానే వదిలాను. ఇప్పుడు మీ తెర మీద నిండి ఉంది. నింపినవాళ్లు ఈ పుస్తకం చూసే నింపి ఉంటే, పేరు గడిలో ఉన్నది ఎందుకు ఎక్కలేదు?"

"దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదమ్మా" అన్నాడు. పెన్ను మళ్లీ టక్కుటక్కుమంది. "పేరున్న యజమాని దరఖాస్తు పెట్టాలి. లేదా..."

అక్కడ ఆగిపోయాడు. తాను ఏం చెప్పబోతున్నాడో ఆయనకూ తెలిసింది. తలుపు దగ్గర చెదపురుగు నేల చూపులు చూస్తున్నాడు, కానీ మూతి నవ్వుతోంది.

"లేదా గీసినవాళ్లు తప్పు రాసివ్వాలి" అన్నాను. "షీటు నాది. ఒక తప్పు ఒప్పుకున్నాను, మీరు రుజువు కూడా చేశారు. రెండోది మిగిలిపోయింది. నేను గీయని గీతలు నా షీటులోకి వచ్చాయి. ఆ చెయ్యి ఎవరిదో తేల్చి, రిజిస్టరులో సంతకంతో సరిచూసి, దానికి కూడా నన్నే శిక్షించండి. పింఛను ఇంకా రెండు వంతులు ఉంది."

తమ్ముడు వెనకనుంచి వచ్చి నాకోసం కుర్చీ బల్లకు దగ్గరగా లాగాడు. నేను కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నాను.

"బాబూ, ఇంకో తెల్లకాగితం ఇవ్వండి."